కడలియొడ్డు కాపురము



కాకినాడకు ఉత్తరమున ఉప్పాడ యను గ్రామము కలదు. జామ్దానీ నేతచీరలవలన ఆ పేరు తెలుగుదేశమున ఎఱుగనివారు అరుదు. ఆ యూరి యొడ్డున, తుపాను వెలిసిన మఱునాడు, ఒక వింత కనబడును. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు తడియిసుకపై చతికిలబడి, పుల్లలతోడను వ్రేళ్ళతోడను గీరుచు బంగారము వెదకుచుందురు. 2020 నవంబరులో నివర్ తుపాను ఎక్కడనో పుదుచ్చేరి దగ్గఱ తీరము దాటినది. అంత దూరపు తుపాను రేపిన యలలకే ఉప్పాడ గట్టు కోసికొనిపోగా, ఇసుకలో చిన్న చిన్న పసిడితునకలు దొరకినవని పత్రికలు వ్రాసినవి. ఆ బంగార మెక్కడిదని యడిగినచో, "సముద్రము మ్రింగిన మా యిండ్లది, మా గుళ్ళది" అని ఊరివారు చెప్పుదురు. బంగారపు మాట తేల్చుట కష్టమే గాని, ఇండ్ల మాట నిజము. తాతగారి యిల్లెక్కడ నని యడిగినచో అచ్చటి వృద్ధుడు ఊరివైపు చూపడు. నీళ్ళవైపు చేయి చాచును.

పొలము ఏటికోతకు పోవుట మన పెద్దలు ఎఱిగినదే. గోదావరి లంకలలో ఒకరి భూమి కోసికొనిపోయి వేఱొకరి గట్టున మేట వేయుట తరతరములుగా జరుగుచున్నది. ఆ వ్యాజ్యములతో ఎందఱో ప్లీడర్లు మేడలు కట్టిరి. అయినను అందొక ఊరట కలదు. ఏఱు తీసినది ఎదుటనే పెట్టును. చూచి ఏడ్చుటకైన నుండును. సముద్రము తీసినది ఎక్కడ పెట్టునో మన కంటికి కానరాదు.

ఇందుకు కారణమేమి? పల్లెలలో మూడు సమాధానములు వినబడుచుండును. కొందఱు గంగమ్మతల్లి యాగ్రహ మందురు. కొందఱు రేవులును గోడలును కట్టినవారిదే తప్పందురు. చదువుకొన్న పిల్లలు, లోకమంతయు వేడెక్కుచున్నది గనుక సముద్రము పొంగుచున్న దందురు. మొదటిదానిని గూర్చి మాటలాడుట నాకు తగదు. తక్కిన రెండింటను నిజమున్నది; కాని ఆ రెండును కలిపినను నిజము పూర్తికాదు.

మొదట వేడిమి సంగతి చూతము. నేలబొగ్గు, పెట్రోలు మొదలగువానిని కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి గాలిలో కలియును. అది కంబళివలె భూమిని కప్పి, పగలు పుచ్చుకొన్న వేడిని రాత్రి తిరిగి పోనీయదు. యంత్రములు ప్రబలక పూర్వము గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళుగా నున్న ఈ వాయువు 2024 నాటికి 420 పాళ్ళు దాటినది. దీనివలన భూమి వేడెక్కునని స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1896లోనే లెక్క కట్టెను. ఆనాడు విన్నవారు తక్కువ. ఇట్లు నిలిచిపోయిన వేడిలో నూటికి తొంబది పాళ్ళకు పైగా సముద్రమే త్రాగినది. వేడెక్కిన నీరు ఉబ్బును. అంచువఱకు నూనె పోసిన మూకుడు పొయ్యిమీద పెట్టినచో ఏమగునో మన ఇండ్లలోని స్త్రీలకు చెప్పనక్కఱలేదు. దీనికి తోడు ఉత్తరదక్షిణ ధ్రువములయందును, పర్వతములయందును ఉన్న మంచు కరగి సముద్రమున కలియుచున్నది.

1901 మొదలు 2018 వఱకు ప్రపంచమందలి సముద్రముల మట్టము సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. అనగా దాదాపు జానెడు. మన హిందూమహాసముద్రపు ఉత్తరభాగమున 1993 నుండి చేసిన కొలతలనుబట్టి ఏటికి 3 మిల్లీమీటర్లకు కొంచెము పైగా పెరుగుచున్నది. ఒక పెసరగింజంత యనుకొనవచ్చును. "ఏడాదికొక పెసరగింజకు ఊళ్ళు మునుగునా?" అని మీరు నవ్వవచ్చును. నేనును మొదట నవ్వినవాడనే.

కాని మన డెల్టాతీరము అరచేతివలె చదునైనది. విశాఖపట్టణమువంటి కొండగట్టున నీరు జానెడు పెరిగినచో జానెడే ఎక్కును. దివిసీమలోను కోనసీమలోను అదే జానెడు నీరు ఎంతో దూరము లోపలికి ప్రాకును. మఱియు, సముద్రము ఊరిమీదికి వచ్చుట ప్రతిదినమును రాదు. అమావాస్యపోటును గాలివానయు కలిసిన ఏ రాత్రియో వచ్చును. ఆ రాత్రి అలకు ఈ జానెడు ముందుగానే ఇచ్చియుంచితిమి. గోడ దూకువానికి కాలిక్రింద పీట వేసినట్లు. ఈ శతాబ్ది ముగియునాటికి, మనుష్యజాతి పొగ తగ్గించుకొన్నచో మూరెడుకు అటునిటుగను, తగ్గించుకొననిచో రెండు మూరలవఱకును మట్టము పెరుగవచ్చునని ప్రపంచశాస్త్రజ్ఞుల అంచనా. పీట పోయి బల్ల వచ్చును.

ఇక రెండవ సంగతి. దీనిని గూర్చి మన ప్రాంతమున మాటలాడువారు తక్కువ గనుక కొంత విపులముగా చెప్పుదును. డెల్టా యనగా నది తెచ్చి పోసిన ఒండ్రు. ఆ ఒండ్రు తన బరువుచేత తానే ఏటేట కొంత అణగుచుండును. క్రొత్త వరద వచ్చి క్రొత్త మన్ను పోసినంతకాలము లెక్క సరిపోవుచుండెను. గోదావరి 1970 దశకమున ఏటికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రమువఱకు తెచ్చెడిదనియు, 1990 దశకమునాటికి అది 6 కోట్ల టన్నులకు లోపు పడిపోయినదనియు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు తేల్చిరి. కృష్ణానది స్థితి ఇంకను హీనము. తక్కినదంతయు ఎగువ జలాశయముల అడుగున పేరుకొనియున్నది.

జలాశయములను నిందించుటకు నా నోరు రాదు. ఆ నీళ్ళు త్రాగి, ఆ పంట తిని పెరిగినవారము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తి గాకముందు ఈ సీమ కఱవులతో ఎట్లుండెనో తాతల నోట విన్నవారు ఆ మాట అనజాలరు. అయినను ఆనకట్ట వెనుక నిలిచినది నీరొక్కటే కాదని గ్రహింపవలెను. ఎగువ రైతు పొలమునకు నీరు చేరినది. దిగువ పల్లెకారి ఇంటిక్రింది మన్ను చేరలేదు. ఈ బాకీ ఏ దస్తావేజులోను వ్రాయబడలేదు.

ఉప్పాడకు మూడవ కష్టము మఱియొకటి కలదు. కాకినాడ యెదుట హోప్ దీవి యను పొడవైన ఇసుకతిప్ప యున్నది. గోదావరి మేటతో గడచిన రెండువందల యేండ్లలో అది ఉత్తరముగా పెరిగి పదియాఱు కిలోమీటర్ల పొడవు సాగినది. కాకినాడ రేవునకు అది పెట్టని కోట. కాని మన తూర్పుతీరమున ఏడాదిలో ఎక్కువకాలము ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. ఆ నడచు ఇసుకను ఈ తిప్ప తన దగ్గఱ ఆపుకొనుచున్నదనియు, తిప్పకొనను చుట్టి వచ్చు అలలు ఉప్పాడవద్ద కూడుకొని కొట్టుచున్నవనియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా ప్రకృతి యొకచోట కాపాడి ఒకచోట కోయుచున్నది. లోకపు వేడిమి ఆ కోతను త్వరపెట్టుచున్నది.

కోత ఆపుటకు గోడ కట్టుడని అందఱును అడుగుదురు. ఉప్పాడయొద్ద బండరాళ్ళు పోసిరి. 2010 ప్రాంతమున ఇసుక నింపిన పెద్ద గొట్టపుసంచులను పేర్చి గట్టు కట్టిరి. సముద్రము వానిని చీల్చినది. కాకినాడనుండి పోవు తీరపుబాట తుపాను వచ్చినప్పుడెల్ల తెగుచునే యున్నది. గోడ వట్టిదని నేననను. పోబోవు ఇండ్లకు అది కొన్ని యేండ్ల గడు విచ్చును. ఆ గడువు విలువైనదే. అయితే గోడకు తగిలిన అల వెనుకకు మరలునపుడు గోడపాదమున ఇసుకను లాగికొనిపోవును. గోడ ఆగిన చోటికి ఆవలనున్న పల్లెకు రావలసిన ఇసుక రాదు. ఇందుచే ఒక యూరి గోడ పొరుగూరి కోత యగుచున్నది. మన యూరికి రాళ్ళు తెచ్చుకొన్న పెద్దలు, ఉత్తరపుటూరి పెద్దలతో ముందుగా ఒకమాట చెప్పిరా? నాకు తెలిసినంతలో ఆ మర్యాద ఎక్కడను జరుగుట లేదు.

ఇప్పుడు గాలివానల మాట. బంగాళాఖాతమున తుపానులు క్రొత్తగా పుట్టినవి కావు. 1839లో కోరంగి రేవు ఉప్పెనలో నాశనమైనది. 1864లో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మడిసిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ కాళరాత్రిని కన్నులార చూచినవారు నేటికిని మనలో ఉన్నారు. ఆ ఒక్క దెబ్బకు సుమారు 10,000 ప్రాణములు పోయినవి. కనుక ప్రతి గాలివానకును లోకపు వేడిమియే కారణమనుట తొందరపాటు. మన ఖాతమున తుపానుల సంఖ్యయు పెరిగినట్లు లెక్కలలో కానరాదు. మారినది వాని బలము. తుపానుకు మేత వెచ్చని సముద్రపు నీరు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడుపాళ్ళు అధికముగా ఆవిరిని పట్టగలదు. ఆ ఆవిరియే కుంభవృష్టి యగును. సాయంకాలము సామాన్యమైన వాయుగుండముగా నున్నది మఱునాటికి తీవ్రతుపానై నిలుచుట తఱచగుచున్నది. అనగా పరుగెత్తుటకు మనకున్న వ్యవధి తగ్గుచున్నది.

ఇచ్చట పెద్దలకే ప్రత్యేకముగా ఒక మనవి చేయవలెను. 1977 నాటి గాలివానయు 1990 మే నెల గాలివానయు రెండును ప్రచండమైనవే. రెండును కృష్ణాతీరప్రాంతమునకే వచ్చినవి. మొదటిదానిలో పదివేలు, రెండవదానిలో వేయికి లోపు మరణించిరి. నడుమ జరిగినదేమి? తుపాను ఆశ్రయభవనములు కట్టిరి. రేడియోలో హెచ్చరికలు చెప్పిరి. లక్షలమందిని ముందుగనే తరలించిరి. అయినను ప్రతి పల్లెలోను తరలుటకు ఇష్టపడని ఇల్లొకటి యుండును. దాని యరుగుమీద ఒక పెద్దమనిషి కూర్చుండి, "నేను పుట్టి డెబ్బదియేండ్లు, ఇంతవఱకు నీరు మా గడప త్రొక్కలేదు" అనును. ఆయన కదలనిదే కోడలు కదలదు, కోడలు కదలనిదే పిల్లలు కదలరు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. కాని ఆయన తాత కాలపు సముద్రము వేఱు, నేటి సముద్రము వేఱు. జానెడు పెరిగిన నీటికి పాతగుర్తులు పనికిరావు. ఈ విషయమున పెద్దల అనుభవమే పెద్దల ప్రాణములకు ముప్పు తెచ్చుచున్నదని చెప్పుటకు నాకు కష్టముగా నున్నది. చెప్పకుండుట ఇంకను కష్టము.

ప్రాణములు దక్కినను బ్రతుకు దక్కుట వేఱుసంగతి. నూతి నీటిని చూడుడు. తీరగ్రామముల ఊటబావులలో మంచినీరు ఉప్పునీటిమీద తేలుచుండును, మజ్జిగపై వెన్నవలె. సముద్రమట్టమునకు పైగా ఒక్క అడుగు మంచినీ రున్నచో దానిక్రింద ఇంచుమించు నలుబది అడుగుల మంచినీరు నిలుచునని శాస్త్రము. ఆ పైనున్న అడుగును యంత్రములు పెట్టి తోడివేసినచో, క్రిందినుండి ఉప్పునీరు నలుబది అడుగులు పైకి లేచును. పెరుగు సముద్రము ప్రక్కనుండి త్రోయుచున్నది. మనము చేపలచెఱువులకును రొయ్యలచెఱువులకును నీరు తోడుచు పైనుండి పిలుచుచున్నాము. ఒకసారి చవుడు పట్టిన నూయి మరల తీయనగుటకు ఎన్నో వానకాలములు పట్టును. రొయ్యలవలన ఇండ్లు నిలబడిన కుటుంబములు నేనెఱుగుదును. ఆ పంట మానుడని చెప్పుట సులభము కాదు. అయినను త్రాగునీటి నూయికి ఎంతదూరమున చెఱువు త్రవ్వవచ్చునో గ్రామసభ ఒక కట్టడి చేసికొనుట కష్టము కాదు.

వేటసంగతియు మారినది. నూనె కవళ్ళు పూర్వము మలబారుతీరపు చేప. మన తూర్పుతీరమున అవి లెక్కకు వచ్చెడివి కావు. సముద్రము వెచ్చబడిన కొలది అవి ఉత్తరమునకును తూర్పునకును ప్రాకి నేడు ఆంధ్రతీరపు వలలలో పడుచున్నవని మత్స్యశాస్త్రజ్ఞులు కనుగొనిరి. క్రొత్త అతిథి వచ్చెనని సంతసింపవచ్చును గాని, నీటి వెచ్చదనమునుబట్టి వచ్చినది దానినిబట్టియే పోవును. తండ్రి చెప్పిన కార్తెకు తండ్రి చెప్పిన చోట చేప దొరకుటలేదని పల్లెకారులు మొఱపెట్టుచున్నారు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు వేటనిషేధము ఎటులును ఉన్నది. దానికి తుపాను హెచ్చరికలవలన ఒడ్డున కూర్చుండు దినములు తోడైనవి. ఆ దినములలో పడవవానికి మాత్రమే కాదు, బుట్ట నెత్తిన పెట్టుకొని ఊరూర చేపలమ్ము స్త్రీకిని కూలి లేదు. ఆమెను ఏ పట్టికలోను వ్రాయరు. హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన సముద్ర సమాచార సేవాకేంద్రము చేపలుండు చోటులను, అలల ఎత్తును ముందుగా తెలుపుచున్నది. మన పిల్లలు చేతిఫోనులో దానిని చూచుకొనుచున్నారు. పెద్దలు దానిని పరిహసింపక, తమ యనుభవముతో సరిచూచి చెప్పినచో రెండింటికిని విలువ పెరుగును.

మఱి ఊరు కదలవలసియే వచ్చినచో? ఇది ఊహ కాదు. మన ఖాతపు గట్టుననే, ఒడిశాలోని కేంద్రాపడా జిల్లాలో, సాతభాయా యను గ్రామసముదాయ ముండెను. సాతభాయా యనగా ఏడుగురన్నదమ్ములు, అవి ఏడూళ్ళు. ఒక్కొక్కటిగా సముద్రమున కలిసిపోయినవి. మిగిలిన ఐదువందలకు పైగా కుటుంబములను ప్రభుత్వము బగపాటియా యను చోటికి తరలించి ఇండ్లస్థలము లిచ్చినది. భారతదేశమున సముద్రపు కోతకై ప్రభుత్వము పూనుకొని ఊరు తరలించినవానిలో అది మొదటిదిగా ప్రసిద్ధి కెక్కినది. ఇల్లు దొరకినది గాని, దున్నుకొనుటకు పొలము దొరకలేదు. వేటకు సముద్రము దూరమైనది. పడుచువారు కూలికై కేరళకు పోయిరి. కాబట్టి మన యూరికి అట్టి దినము వచ్చినచో, ఇండ్లస్థలము చూపిన చాలునని పెద్దలు చేవ్రాలు చేయరాదు. పడవ నిలుపు రేవు, వల ఆరవేయు మెరక, చేప ఎండబెట్టు ఇసుక, అమ్మువారికి బాట, మగ్గమున్నవారికి మగ్గపుగుంత: వీనిని కాగితముమీద వ్రాయించుకొనిన పిమ్మటనే చేవ్రాలు.

కదలవలసిన దినము రాకుండ మన చేతనైనదియు కొంత యున్నది. పూర్వులు సముద్రమున కెదురుగ ఇల్లు కట్టలేదు. ఇసుకదిబ్బను ముందుంచుకొని, దానిపై మొగలిపొదలను, వెనుక తాటితోపును ఉంచుకొని, ఆ చాటున కాపురముండిరి. ఆ దిబ్బలను మనమే బండ్ల కెత్తి అమ్మివేసితిమి. మొగలి కొట్టివేసితిమి. మడ అడవిని చెఱువులకై నఱికితిమి. 1999లో ఒడిశాను ముంచిన మహాతుపానులో, మడ మిగిలియున్న గ్రామములలో ప్రాణనష్టము తక్కువగా జరిగినదని అదే కేంద్రాపడా జిల్లాలో పరిశీలించినవారు తేల్చిరి. కాకినాడ దాపున కోరంగి మడ మనకింకను ఉన్నది. పీతకు, రొయ్యపిల్లకు అదియే పుట్టిల్లు. మడ చచ్చినచోట పిల్లకాలువలు త్రవ్వి పోటునీరు పారించినచో మరల మొలకెత్తును. దీనికి ఇంజనీరు రానక్కఱలేదు. పలుగు, పార, పల్లెవారి ఓపిక చాలును. మడయు దిబ్బయు పెరుగు సముద్రమును ఆపలేవు. అల బలమును మాత్రము విఱుచును, ఇసుకను పట్టి యుంచును.

ఇంకొక పని పెద్దలవలననే కావలెను. మీ యూరి పాతగట్టు ఎక్కడ నుండెను, ఏ తుపానులో ఏ వీధి పోయెను, ఏ నూయి ఎప్పుడు ఉప్పెక్కెను అను సంగతులు ఏ కచ్చేరీ దస్త్రములోను పూర్తిగా లేవు. మీ జ్ఞాపకములో ఉన్నవి. ఒక పిల్లవానిని కూర్చుండబెట్టి వ్రాయింపుడు. పిమ్మట, వచ్చు అమావాస్యనాడు పోటునీరు ఎంతవఱకు వచ్చినదో చూచి అక్కడ ఒక రాయి పాతించి తేదీ వేయింపుడు. మఱుసటి యేడు అదే మాసపు అమావాస్యకు రెండవ రాయి. మనుమని పెండ్లికి క్రొత్త యిల్లు కట్టవలెనని మేస్త్రీ త్రాడు పట్టుకొని వచ్చిననాడు, ముందుగా ఆ రాళ్ళ దగ్గఱకు తీసికొనిపొండు. సెలవు.